ప్రెస్ మీద అంటించిన వాగ్దానం

దసరాకు మా షెడ్డులో ఆయుధ పూజ చేస్తారు. మిషన్లన్నీ కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, గుమ్మడికాయ కొడతారు. ఏటా ఆ రోజు నేను సెలవు పెట్టేవాణ్ని. క్రైస్తవుణ్ని, నాకు కుదరదని సూపర్‌వైజరుకు మొహమ్మీదే చెప్పేవాణ్ని. అలా చెప్పడం నాకు గొప్పగానే ఉండేది. చర్చిలో అందరి ముందూ నా విశ్వాసం గురించి సాక్ష్యం చెప్పినప్పుడల్లా ఆ సంగతి ఎత్తకుండా కూర్చోలేదు.

పటాన్‌చెరులో నాది రేకులు కోసే పవర్ ప్రెస్ మీద పని. రేకు పెట్టాలి, చెయ్యి తీయాలి, అప్పుడు పెడల్ తొక్కాలి. ఆ వరస తప్పితే వేళ్లుండవు. నాకు ముందు ఆ ప్రెస్ నడిపినాయన రెండు వేళ్లు పోగొట్టుకుని ఇంటికెళ్లాడు. ఆ సంగతి తెలిసే చేరాను కాబట్టి మొదటి రోజు నుంచీ నాకు లోపల దడే.

కొత్త సంవత్సరం ఆరాధనలో మా చర్చిలో బైబిల్ వాక్యాలు అచ్చేసిన వాగ్దాన కార్డుల పళ్లెం తిప్పుతారు. కళ్లు మూసుకుని ఒకటి తీసుకోవాలి, ఏడాదంతా ఆ వాక్యం మనది. ఆ ఏడు నాకు దేవుడు కాపాడతాడనే వాక్యం వచ్చింది. ఇంకేం, టేపు వేసి ప్రెస్ మీద అంటించాను. వారం తిరక్కముందే ప్రెస్ దానంతటదే దిగింది. గ్లౌజు కొస నలిగింది గానీ వేలికి గీత కూడా పడలేదు. ఇక ఆ రోజు నుంచి కార్డును తాకి, కళ్లకద్దుకోనిదే స్విచ్చి వేయలేదు.

ఆ ఏడు దసరా సెలవు అయ్యాక పనికి వెళ్లాను. నా ప్రెస్ శుభ్రంగా ఉంది. కార్డు మధ్యలో మాత్రం పసుపు, దాని మీద గుండ్రంగా కుంకుమ బొట్టు. టేపు సందులో ఒక బంతిపువ్వు. ఒళ్లు మండిపోయింది.

"ఎవరు పెట్టిన్రు దీనికి బొట్టు?" అని అరిచాను.

పక్క ప్రెస్ పెద్దాయన తలెత్తాడు. రుద్రారం వైపు రైతు, పొద్దున పొలం చూసుకుని షిఫ్టుకు వస్తాడు.

"నేనే పెట్టిన తమ్మీ. ఏమైంది?"

"మేం గివన్నీ చెయ్యమని తెల్వదా అన్నా నీకు?"

"నీ మిషన్‌కు పెట్టలే. నువ్వు చెయ్యవని ఉత్తగ తుడిసి ఇడిసిపెట్టిన. కానీ గీ కార్డును రోజు తాకి కండ్లకద్దుకుంటవ్ గద, నీ దేవుడు గిదే అనుకున్న. అందరి దేవుళ్లకు పెట్టి నీ దేవుణ్ని ఇడిసిపెడితే మంచిగుంటదా చెప్పు?"

వెక్కిరింత ఏమాత్రం లేదు. ఉంటే పోట్లాడేవాణ్ని.

కార్డు పీకేశాను. టేపుతో పాటు కాస్త పెయింటూ లేచి వచ్చింది. జేబులో పెట్టుకోబోయాను. జేబులో ఉన్నా తడుముకుంటూనే ఉంటానని తెలిసి, తీసుకెళ్లి టిఫిన్ సంచిలో పడేశాను. తిరిగొచ్చి ప్రెస్ ముందు నిలబడ్డాను, స్విచ్చి వేయలేదు. సూపర్‌వైజరు "జల్దీ కరో" అని తొందరపెడుతూ కేకేస్తున్నాడు. నా కళ్ల ముందు మాత్రం ఆ రెండు వేళ్లే.

ఒకప్పుడు షిఫ్టుకు ముందు గేటు దగ్గర నిలబడి రెండు నిమిషాలు ప్రార్థన చేసుకునేవాణ్ని. అది ఎప్పుడు మానేశానా అని వెతుక్కుంటే, కార్డు అంటించిన నాటి నుంచే. ఇన్ని నెలలూ దేవుడితో ఒక్క మాట మాట్లాడలేదు, కాగితాన్ని తాకి పనిలోకి దిగాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"ప్రభువా, భయమైతుంది," అన్నాను, పైకే. పెద్దాయన తన ప్రెస్ ఆపి నా వైపు చూశాడు. రేకు పెట్టాను. చెయ్యి తీశాను. పెడల్ తొక్కాను.

ఇప్పటికీ షిఫ్టు ఎక్కగానే నా చెయ్యి పెయింటు లేచిన ఆ చోటికే పోతుంది. వెనక్కి లాక్కుంటాను. ఒక్కోరోజు తాకాక గానీ గుర్తు రాదు.