రెండు పొట్టి కూతలు

అతుకులమ్మ అసలు పేరు మిల్లు హాజరు బిళ్ల మీద తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు. నూలు విభాగంలో తెగిన పోగును పట్టుకుని, రెండు వేళ్ల మధ్య మెలిపెట్టి, మర ఆగకుండానే అతికేయడం ఆమె పని. ఏళ్ల తరబడి అదే చేయడంతో పేరు కూడా అదే అయి కూర్చుంది. పోగులైతే చిటికెలో అతికేసేది గానీ, మాట తెగితే మళ్లీ అతకడం మాత్రం ఆమె వల్ల అయ్యేది కాదు. అంత పంతం మనిషి. ఆమె భర్త మగ్గాల షెడ్డులో ఫిట్టరు. ఆ మోతలో ఆయన చెవులు సగం పోయాయి. ఎవరేమడిగినా ముందు "ఆఁ?" అనేవాడు కాబట్టి మిల్లు మిల్లంతా ఆయన్ని "ఆఁ మేస్త్రి" అనేది.

ఆయనకు పూర్తిగా వినపడేది ఒక్కటే, మిల్లు సైరన్. షిఫ్టు ఎక్కడానికి ఒక కూత, దిగడానికి రెండు పొట్టి కూతలు. ఆ రెండు కూతలు పడ్డాయంటే, చేతిలో బోల్టు సగం బిగించి ఉన్నా సరే, అక్కడే వదిలేసి గేటు పక్కన సైకిళ్ల స్టాండు దగ్గరికి వచ్చి నిలబడేవాడు. భార్య వచ్చేదాకా కదిలేవాడు కాదు. పెళ్లయిన కొత్తలో పడిన అలవాటు. గొడవల రోజుల్లో కూడా తప్పలేదు. కాకపోతే అప్పుడు ఆమె ముందు, ఆయన నాలుగు బారలు వెనక.

ఈసారి గొడవ పెద్దదే. నూలు విభాగం అజమాయిషీకి అతుకులమ్మను వేద్దామా అని మేనేజరు మేస్త్రిని అడిగాడు. "మా ఆవిడకి మోకాళ్ల నొప్పులండీ, వద్దులెండి" అని ఈయనగారు అక్కడికక్కడే తేల్చేసి వచ్చాడు. మోకాళ్లు ఆమెవి, ఉద్యోగం ఆమెది, జవాబు మాత్రం ఈయనది! ఎవరికైనా ఒళ్లు మండదూ? "నన్నొక్క మాట అడిగితే ఆయన సొమ్మేం పోయేది పిన్నీ? ఇక నా అంతట నేను మాట్లాడితే ఒట్టు" అని పక్కింటి పిన్నితో చెప్పి నోరు కట్టేసుకుంది. అప్పటినుంచి రాయబారం పిన్నిదే. "పిన్నీ, భోజనం పెట్టాను, తినమను." "పిన్నీ, తిన్నాను, బాగుందని చెప్పు." గోడకు అటు నిలబడి అరిచి అరిచి పాపం ఆవిడ గొంతు బొంగురుపోయింది.

ఆ రోజు ఇద్దరికీ సెలవు. తెల్లారుతుండగా సైరన్ మోగింది. మేస్త్రి ఒక కన్ను తెరిచి, మనది కాదులే అన్నట్టు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అతుకులమ్మకు మాత్రం ఏదో తేడాగా తోచింది. ఎక్కే కూతా కాదు, దిగే కూతా కాదు, ఎంతకీ ఆగదే! లేపుదామని చెయ్యి చాచింది, మళ్లీ వెనక్కి తీసుకుంది. లేపితే మాట్లాడాలి. మాట్లాడితే ఓడిపోయినట్టే. అంతలో ఎవరో తలుపు దబదబా బాదారు. పిన్ని గొంతే. సైరన్ మోతలో మాటలు తెలియలేదు. పొద్దున్నే రాజీ చేయడానికి వచ్చేసింది కాబోలు అని విసుక్కుని, అతుకులమ్మ దిండు తీసి చెవుల మీద వేసుకుంది.

మళ్లీ కళ్లు తెరిచేసరికి గదిలోకి ఎండ వచ్చేసింది. వీధిలో ఏ చప్పుడూ లేదు. తలుపు తీసి చూస్తే ఇళ్ల వరస వరసంతా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. కుళాయి కింద బకెట్టు నిండి పొర్లిపోతోంది. ఎవరింట్లోనో పాలు మాడిన వాసన. తీగ మీద ఒక చొక్కా సగమే ఆరేసి ఉంది. పిన్ని ఇంట్లోకి తొంగి చూస్తే బల్ల మీద ఆవిడ కళ్లజోడు కనిపించింది. అది లేకుండా పిన్ని గుమ్మం దాటదు.

మేస్త్రి కూడా బయటికి వచ్చాడు. ఇద్దరూ వీధి చివరిదాకా నడిచారు. ఒక్క మనిషి లేడు. మాట మోసే పిన్ని లేదు కదా, ఆయన దీపస్తంభం వైపు తిరిగి, "అందరూ ఎటు పోయారో ఎవరైనా చెబితే బాగుండు" అన్నాడు.

"తెలిస్తే చెప్పకపోదురా?" అంది ఆమె, గోడకు ఆనించిన ఎవరిదో సైకిలుతో.

మరో రోజైతే ఇద్దరికీ నవ్వొచ్చేది. ఆయన మిల్లు వైపు చూశాడు. "మిల్లుకెళ్లి కనుక్కొస్తా. ఇక్కడున్నవాళ్లని ఇక్కడే ఉండమను" అని స్తంభానికి అప్పజెప్పి బయల్దేరాడు. మళ్లీ అదే! ఆమెను అడగలేదు, తనే తేల్చేశాడు. అతుకులమ్మ మొహం ముడుచుకుని అరుగు మీద కూలబడింది. ఆయన వీధి మలుపు తిరిగాడు.

అప్పుడు తగిలింది వాసన. గుడ్డను తెల్లబరిచే బ్లీచింగు షెడ్డు ముందు నుంచి వెళ్తే ముక్కు మూసుకునే వాసనే, కానీ ఇంత దూరం ఎప్పుడూ రాలేదు. కళ్లు మండాయి. ఎప్పుడో మిల్లు ఆవరణలో అందర్నీ నిలబెట్టి చెప్పిన మాటలు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. గ్యాసు బరువైనది, నేలను పట్టుకుని పల్లానికి పాకుతుంది. ఆగని కూత వినపడితే అన్నీ వదిలేసి ఎత్తు మీదికి పొండి. ఆగని కూత! తను విన్నది! విని దిండు వేసుకుంది. ఇప్పుడు ఈ మనిషి తిన్నగా దాని నోట్లోకే నడిచి వెళ్తున్నాడు.

"ఏమండీ!" అని అరిచింది. మామూలు రోజైతే ఆ వీధిలో ఏ ఇల్లాలు "ఏమండీ" అన్నా నలుగురైదుగురు మొగుళ్లు తిరిగి చూసేవారు. ఇప్పుడు తిరగాల్సినవాడు ఒక్కడే. ఆ ఒక్కడికీ వినపడదు.

తీగ మీద తువ్వాలు లాగి కుళాయి కింద తడిపి ముక్కుకు చుట్టుకుని పరుగెత్తింది. మిల్లు గేటు తెరిచి ఉంది. బ్లీచింగు షెడ్డు గోడ దాటి పచ్చటి పొగలాంటిది ఆవరణలోకి నెమ్మదిగా జారుతోంది. "ఏమండీ! ఏమండీ!" మగ్గాల షెడ్డు ఒక వైపు, గోదాము ఒక వైపు, ఆఫీసు ఇంకో వైపు. ఎటు వెళ్లాడో? ఒకటి వెతికేలోగా పొగ రెండోదాన్ని కమ్మేస్తుంది. ఆ క్షణంలో ఆమెకు ఉద్యోగం గుర్తులేదు, పంతం గుర్తులేదు. ఆయన ప్రాణాలతో కనిపిస్తే చాలనుకుంది.

కాపలాదారు గదిలో దీపం వెలుగుతోంది. అంటే కరెంటు ఉంది. గోడకు సైరన్ మీట. ఇంకేమీ ఆలోచించలేదు. నొక్కి వదిలింది. మళ్లీ నొక్కి వదిలింది. రెండు పొట్టి కూతలు.

ఎవరూ రాలేదు. కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతున్నాయి. దగ్గు ఆపుకుంటూ మళ్లీ రెండు కూతలు వేసింది.

మగ్గాల షెడ్డు తలుపు తెరుచుకుంది. మేస్త్రి దగ్గుతూ, చేతులు చొక్కాకు తుడుచుకుంటూ వచ్చాడు. వచ్చి, అటూ ఇటూ చూడకుండా, సైకిళ్ల స్టాండు దగ్గర తన చోట్లో నిలబడ్డాడు.

ఆమె వెళ్లి ఆయన రెక్క పట్టుకుంది. ఆయన కంగారుగా, "ఇవాళ నీకు సెలవు కదా?" అన్నాడు.

"గ్యాసండీ!"

"ఆఁ?"

"గ్యాసు! బ్లీచింగు గ్యాసు!" చెవిలో నోరు పెట్టి అరిచింది. ఆయన మొహం పాలిపోయింది. అలవాటుగా తనే తేల్చేసి బస్సుల రోడ్డు వైపు రెండడుగులు వేసి ఆగిపోయాడు. వెనక్కి తిరిగి ఆమె కళ్లలోకి చూశాడు.

"ఎటు పోదాం? నువ్వే చెప్పు."

ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఆ మాట అడగడం అదే మొదలు. అతుకులమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది, కానీ ఏడవడానికి అది సమయం కాదు. బస్సుల రోడ్డు పల్లం, ఊరి వెనక గుట్ట ఎత్తు. "గుట్ట మీదికి" అంది.

"మరి నీ మోకాళ్లు?"

"నా మోకాళ్ల సంగతి నేను చూసుకుంటాను!"

తడి తువ్వాలు రెండుగా చింపి చెరొక ముక్కా కట్టుకుని గుట్ట ఎక్కారు. మోకాళ్లు నిజంగానే నరకం చూపించాయి. పైకి మాత్రం ఆమె చచ్చినా అనలేదు. కింద వాళ్ల వీధి పచ్చగా మసకబారిపోతోంది. వాళ్ల అరుగూ కనిపించడం లేదు. సగం ఎక్కాక ఒక బండరాయికి ఆనుకుని ఊపిరి తీసుకుంటూ ఆమె అంది, "పొద్దున పిన్ని తలుపు కొట్టింది. నాకు వినపడింది. లేవలేదు."

ఆయన ఈసారి "ఆఁ?" అనలేదు. "నాకూ తెలిసింది. మంచం అదిరింది. రాజీకి వచ్చిందనుకుని కదల్లేదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన చెయ్యి అందించాడు. ఆమె పట్టుకుంది.

గుట్ట మీద ఊరు ఊరంతా ఉంది. కళ్లజోడు లేక తడుముకుంటూ పిన్ని వచ్చి ఇద్దర్నీ వాటేసుకుని గొల్లుమంది. ఏడుపు కాస్త తగ్గగానే తిట్లు లంకించుకుంది. "తలుపు విరిగేలా కొట్టాను కదర్రా! పలక్కపోతే ముందే వెళ్లిపోయారనుకున్నాను. ఏం, వినపడలేదా?"

"ఆఁ?" అన్నాడు మేస్త్రి.

"వీడంటే చెవిటోడు. నీకేమొచ్చిందే?"

అతుకులమ్మ మొగుడి చెయ్యి వదలకుండానే తల కాస్త ముందుకు వంచింది.

"ఆఁ?" అంది.