పెట్టె దించే చోటు

పేటలో అందరూ ఆయన్ని తూకాలాయన అంటారు. త్రాసులు సరిచెయ్యడం ఆయన పని. కిరాణా కొట్టు త్రాసులు కావు, అవి వదిలేసి చాలా కాలమైంది. మందుల ఫ్యాక్టరీల్లో గాజు తలుపుల వెనక ఉండే త్రాసులు, గట్టిగా ఊపిరి వదిలితే అంకె మారిపోయేవి. విమానమెక్కి వాటి దగ్గరికి వెళతాడు. తనతో తెచ్చిన నమూనా తూకపురాళ్ళు ఒక్కొక్కటే పెట్టి చూస్తాడు. తేడా ఉంటే దిద్ది, ఈ త్రాసు నిజమే చెబుతోందని సంతకం పెట్టి వస్తాడు.

ఆ రాళ్ళు ఉండేది ఇత్తడి బద్దెలు కొట్టిన ఒక చెక్కపెట్టెలో, మఖమలు గుంటల్లో. పెద్దది గుప్పిట్లో పడుతుంది. అన్నిటికన్నా చిన్నది గోటి చివరంత రేకుముక్క. వాటిని చేత్తో ముట్టుకోకూడదు. వేలికున్న చమురు అంటినా బరువు మారిపోతుంది. ఎక్కడికి చేరినా ముందు గాలి కొట్టని, మనుషులు తిరగని మూల చూసి పెట్టె దించాలి. దాని మానాన దాన్ని వదిలేసి దూరంగా వెళ్ళాలి. అది ఆ గది వేడికి అలవాటై కుదుటపడ్డాకే మూత తియ్యాలి. పని నేర్పిన ముసలాయన మొదటిరోజే చెప్పాడు: "పసిపిల్లలా చూసుకో. కానీ పసిపిల్లలా చంకనేసుకు తిరక్కు."

ఆ అలవాటే ఆయన కొంప ముంచింది.

ఆ రోజు విమానం ఆలస్యం. తనిఖీ ఎప్పటిలాగే అయింది. బెల్టు విప్పు, బూట్లు విప్పు, చేతులు చాపు. యంత్రంలో రాళ్ళు నల్లటి ముద్దల్లా కనబడగానే పక్కకు రా, ఇవేమిటో చెప్పు. చెప్పీ చెప్పీ ఆయన నోరు అరిగిపోయింది. ఆ పూటకీ చెప్పి, లోపలికొచ్చి నిలబడ్డాడు. హాల్లో ఏసీ గాలి నెత్తిమీదే కొడుతోంది. పిల్లలు సామాన్ల బండ్లెక్కి తోసుకుంటున్నారు. ఆయన కళ్ళు వాటంతటవే మూల కోసం వెతికాయి. చివర్లో స్తంభం వెనక కాస్త చోటు కనబడింది. పెట్టె అక్కడ జాగ్రత్తగా దించి, గోడకు జరిపి, హాలు ఆ కొసనున్న టీ కొట్టుకు వెళ్ళిపోయాడు.

టీ సగమైనా తాగలేదు, ఈలలు మొదలయ్యాయి. "లేవండి, లేవండి! సామాన్లు వదిలెయ్యండి! బయటికి!" హాలు మొత్తం ఒక్కసారి లేచింది. తూకాలాయనా పరిగెత్తాడు. ముందు పోతున్న ఒక పెద్దావిడ జారి మోకాళ్ళ మీద పడితే, రెక్క పట్టుకుని లేపి, దాదాపు ఈడ్చుకుంటూ బయటికి తెచ్చాడు. ఆవిడ చెప్పు ఒకటి లోపలే ఉండిపోయింది.

ఎండ మాడ్చేస్తోంది. ఎవరో పెట్టె వదిలేసి పోయాడట అని జనం అనుకుంటున్నారు.

"అలాంటివాణ్ణి చెప్పుతో కొట్టాలి," అన్నాడు తూకాలాయన, రొప్పుతూ.

పెద్దావిడ గీసుకుపోయిన మోకాలు చూసుకుంటూ, "నాకు ఒకటే మిగిలింది నాయనా. దాంతోనే కొట్టు," అంది.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వాడు.

"చెక్కపెట్టెట," అన్నాడు ఒకతను. "ఇత్తడి బద్దెలున్నాయట. స్తంభం వెనక దాచాడట వెధవ."

తూకాలాయన తన చేతుల వంక చూసుకున్నాడు. రెండూ ఖాళీగా ఉన్నాయి.

అప్పుడే ఫోను మోగింది. భార్య.

"ఏవండీ, ఎక్కడున్నారు? టీవీలో మీ హాలే చూపిస్తున్నారు!"

"బయటే ఉన్నాను. బాగానే ఉన్నాను."

"ఎవడో ముదనష్టపువాడు పెట్టె వదిలేశాడట. వాడి చేతులు పడిపోను!"

"సరే, మళ్ళీ చేస్తాను," అని పెట్టేశాడు. పెద్దావిడను నీడలో కూర్చోబెట్టి, పోలీసుల తాడు దగ్గరికి నడిచాడు. అంత దూరం ఆయన ఎప్పుడూ నడిచినట్టు లేదు.

"అది నాదేనండి."

కిటికీ లేని గదిలో కూర్చోబెట్టారు. కుక్క వాసన చూసి వెళ్ళిపోయాక, పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టి మూత తీశారు. ఆఫీసరమ్మ చెయ్యి పెద్ద రాయి మీదికి వెళ్ళింది.

"అమ్మా, ముట్టుకోకండి!"

గదిలో ఉన్నవాళ్ళంతా వెనక్కి గెంతారు. ఒకడి చెయ్యి నడుముకున్న తుపాకీ మీదికి పోయింది. ఆఫీసరమ్మ మాత్రం కదల్లేదు.

"ముట్టుకుంటే ఏమవుతుంది?"

"బరువు మారుతుంది."

"ఎంత?"

"కంటికి కనపడనంత."

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. "దానికోసం అంతమందిని ఎండలో నిలబెట్టావా పెద్దాయనా?"

ఆవిడ ఒక్కో రాయీ తీసి, వేళ్ళతో తిప్పి చూసి, మళ్ళీ పెట్టింది, కొన్ని వాటి గుంటల్లో, కొన్ని వేరేవాటి గుంటల్లో. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

ఆయన పనిచేసే త్రాసుల కొట్టు ఓనరుకు ఫోన్లు, సంతకాలు, మందలింపులు అన్నీ అయ్యి ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టారు. భార్య మంచినీళ్ళిచ్చింది. ఆమె ఇంకా చల్లారలేదు.

"ఇక ఆ విమానాలు వద్దండీ. అలాంటి ముదనష్టపువాళ్ళు తిరిగే చోటికి మిమ్మల్ని పంపి నేనిక్కడ గుండె చేత్తో పట్టుకు కూర్చోలేను."

"ఆ ముదనష్టపువాడు నేనేనే."

ఆమె నిలబడ్డచోటే కూర్చుంది. ముందు నవ్వొచ్చింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత ఆయన చెయ్యి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నోటికొచ్చింది అనేశాను. చేతులంటూ."

"నీకేం తెలుసు, నేనని."

"నిన్నటిదాకా ఎవరైనా బాంబు పెడతారేమోనని భయం. ఇకనుంచి మిమ్మల్నే బాంబనుకుంటారేమోనని భయం."

వేలిముద్రలు పడ్డ రాళ్ళను శుభ్రం చేయించి, మళ్ళీ సరిచూపించి తెచ్చేలోగా, ఇకమీద రైల్లో వెళతానన్న తూకాలాయనను ఓనరు పిలిచాడు. ఆయన మంచివాడే, కానీ తొందర మనిషి. "రైల్లో వెళతానంటే ఎలా మాస్టారూ? మీరు చేరేలోపు వాళ్ళు ఇంకొకర్ని పిలుచుకుంటారు. ఎగిరితే ఎగరండి. లేకపోతే ఇక్కడ కొట్లో కూర్చోండి, కిరాణా త్రాసులున్నాయి. ఏదో ఒకటి తేల్చండి."

కొట్లో కూర్చోవడమంటే మొదట చేరిన రోజు బల్ల దగ్గరికి తిరిగి వెళ్ళడం. గాజు తలుపుల వెనక ఉండే త్రాసులు ఇక ఆయనవి కావు. అంతకన్నా ఇంకో ప్రయాణం నయమనుకున్నాడు.

ఈసారి పెట్టె ఒళ్ళోంచి దించలేదు. టీ తాగలేదు. మరుగుదొడ్డికి కూడా దాంతోనే వెళ్ళాడు. ఎవరి ఫోను గట్టిగా మోగినా ఉలిక్కిపడ్డాడు. పక్క సీటు అమ్మాయి, "అంకుల్, నా బ్యాగు కాస్త చూస్తుంటారా?" అని వెళితే, ఆమె తిరిగొచ్చేదాకా ఆ బ్యాగు జిప్పు మీంచి కళ్ళు తిప్పలేదు. ఆమె థాంక్సు చెబుతుంటే ముఖం చూడలేకపోయాడు. విమానంలో పెట్టె పైన పెట్టమన్నారు. పెట్టి, దిగేదాకా తలెత్తి దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

ఫ్యాక్టరీలో పెట్టెను ఎప్పటిలా మూలన దించాడు. దూరంగా వెళ్ళి కూర్చున్నాడు. పెట్టె కుదుటపడింది. ఆయనే కుదుటపడలేదు. గ్లౌజులు తొడుక్కుని, పట్టకారుతో రేకుముక్క తీసి త్రాసు మీద పెట్టబోతే పట్టకారు గాజు తలుపుకు టకీమని తగిలింది. కాసేపాగి మళ్ళీ తీశాడు. ఈసారి రేకుముక్క జారి నేలమీద పడింది. ఆయనా, ల్యాబ్ మేడమూ టార్చిలైటు వేసుకుని మోకాళ్ళ మీద చాలాసేపు వెతికారు. బల్లకోడు పక్కన దొరికింది.

"మంచినీళ్ళు తాగుతారా సార్?" అంది మేడమ్.

"వద్దమ్మా. ఇవాళ నేను సంతకం పెట్టలేను."

ఆ మాట ఈ పనిలో ఆయన అనడం అదే మొదటిసారి. బయటికొచ్చి మెట్ల మీద నిలబడే ఓనరుకు ఫోను చేశాడు. "కొట్లో కూర్చుంటానండి."

తొందర మనిషి ఓనరు అప్పటికప్పుడే తేల్చేశాడు: "సరే మాస్టారూ. మా బావమరిదికి నేర్పండి అయితే."

బావమరిది బొజ్జ ముందేసుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "చెప్పండి గురువుగారూ. ముందేం చెయ్యాలి?"

"ముందు మనుషులు తిరగని మూల చూసి..." అని ఆగాడు తూకాలాయన. "అది ఫ్యాక్టరీలో. విమానాశ్రయంలో మాత్రం ఒళ్ళోంచి దించకు."

"చేతులు లాగేస్తాయి కదండీ?"

"లాగేస్తాయి."

మర్నాడు ఒక కిరాణా కొట్టాయన పళ్ళెం వంగిన త్రాసు తెచ్చాడు. పప్పు తూస్తే రోజుకో రకంగా చూపిస్తోందట. తూకాలాయన పళ్ళెం తిన్నగా కొట్టి, మరలు బిగించి, త్రాసును తీసుకెళ్ళి గుమ్మం పక్క మూలన పెట్టాడు. దాన్ని అక్కడే వదిలేసి టీకి బయల్దేరాడు. గుమ్మం దాటాక ఆగి ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. త్రాసు మూలనే ఉంది. కొట్టాయన పక్కనే స్టూలు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. ఎవరూ పరిగెత్తలేదు.