రోగం గడిలో మతి

నర్సమ్మ పోయిన సంగతి బాన్సువాడ బస్టాండులో తెలిసింది. చెప్పినవాడు ఆమె పనిచేసిన దవాఖానలో ఒకప్పుడు చీటీలు రాసిన గుమాస్తా. "మనోళ్లందరం సంతాప సభ పెడుతున్నం, నువ్వు గూడ రెండు మాటలు మాట్లాడాలె" అన్నాడు. ఆ నోటికి 'మనోళ్లు' అనే మాట ఎలా వచ్చిందో! నేను పోలేదు. నా రెండు మాటలు ఇక్కడే రాస్తున్నాను. దవాఖాన పేరు మాత్రం రాయను. దానికంత మర్యాద అక్కర్లేదు.

మా చెల్లెలికి పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల తక్కువ. నాలుగైదు మాటలకు మించి రావు. తొంభైల్లో ఒక వానాకాలం, మూడు రోజులు అన్నం ముట్టకుండా తల గోడకేసి కొట్టుకుంది. వర్ని దిక్కున ఉన్న మా ఊరి నుంచి అమ్మా నేనూ బస్సులో తీసుకొచ్చాం. గుమాస్తా కిటికీలోంచి ఒక్క చూపు చూశాడు. పేరైనా అడగకుండా, రోగం అనే గడిలో 'మతి లేదు' అని రాసి చీటీ మా మీదికి తోశాడు. అలాంటి వాళ్లు జ్వరంతో వచ్చినా, కాలు విరిగి వచ్చినా ఆ మహానుభావుడు రాసేది ఆ ఒక్క మాటే. డాక్టరు ఇంకా ఘనుడు. చెల్లెల్ని చూడకుండా చీటీ చూసి నిద్రమాత్రలు రాశాడు.

మాత్రలిచ్చే చోట నర్సమ్మ ఉంది. ఏ దిక్కు కొట్టుకుంటోందని అమ్మనడిగింది. ఎడమ దిక్కని అమ్మ చెప్పింది. చెవి వెనక వేలు పెట్టగానే చెల్లె కేక వేసింది. లోపలంతా చీము. ఆ మాత్రలతో మరో రెండు రోజులు నిద్రపుచ్చి ఉంటే చీము మెదడుకెక్కేది.

నర్సమ్మ చీటీ పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచింది. "అన్నా, రోగం చెవుల ఉన్నది. గీ పిల్లకు పేరు గూడ ఉన్నది, అడిగి రాయి" అంది.

"అడిగితే చెప్తదా?" అని నవ్వాడు.

"చెప్పకుంటె తల్లి చెప్తది. ముందుగాల పిల్లను అడుగు. అడిగి జర ఆగు."

అతను కదలకపోతే, 'మతి లేదు' కొట్టేసి చెల్లె పేరూ, 'చెవి' అనీ తనే రాసింది. ఆ తర్వాత ఆమె ఒక పొడుగు నోటుబుక్కు పెట్టింది. వారానికోసారి వచ్చే అంగడి రోజు తల్లులను నిలబెట్టి అడిగి, ఎవరి బిడ్డ నొప్పిని ఎలా చూపిస్తుందో రాసుకునేది. పెద్ద కొడప్‌గల్ దిక్కు తండాలో ఒకతను నొప్పొస్తే నవ్వుతాడట, అదీ రాసింది. దవాఖాన మేధావులు దాన్ని పిచ్చోళ్ల పుస్తకమన్నారు. సర్కారు కాగితం దిద్దినందుకు సూపరింటెండెంటు మెమో ఇచ్చాడు. ఆమె ఆ మెమోను నాలుగు మడతలు పెట్టి, ఊగే బల్ల కాలి కింద దోపింది.

పదేళ్లు పోయాక, నోటుబుక్కులో ఉన్నట్టే నొప్పి సంగతి అడిగి చీటీ మీద రాయాలని ఆర్డరు వచ్చింది. ఆ ఆలోచన తనదేనని చెప్పుకుని మెమో ఇచ్చిన పెద్దమనిషే శాలువా కప్పించుకున్నాడు. నేను మండిపడితే నర్సమ్మ నన్నే కసిరింది. "కప్పుకోనియ్, ఆయనకు చలి పెడుతుందేమో. చీటీ సక్కగ రాస్తె సాలు."

సభలో ఆ శాలువా ఆయనా, గుమాస్తా పోటీపడి కన్నీళ్లు తుడుచుకున్నారట. వాళ్ల కన్నీళ్లు ఆమెకెందుకు?

మొన్న చెల్లెకు ఒంట్లో బాగాలేక మళ్లీ అదే దవాఖానకు పోయాం. కిటికీలో కొత్తగా వచ్చిన అమ్మాయి ఉంది. నేను నోరు తెరవబోతే చేత్తో ఆగమని, చెల్లెవైపు తిరిగింది. "అక్కా, ఏడ నొస్తుంది?" అని అడిగింది. లైనులో వెనకవాళ్లు గొణిగారు. ఆ అమ్మాయి పెన్ను పట్టుకుని, చెల్లె ముఖంలోకి చూస్తూ అలాగే కూచుంది. చాలాసేపటికి చెల్లె చెయ్యి మెల్లగా లేచి, కడుపు మీద ఆగింది.