ఎడమ భుజానికి ఆధారం

తెలంగాణ కోసం ఊరంతా రోడ్ల మీదికి వచ్చిన ఆ రోజుల్లో నా వయసు యాభై దాటింది. అయినా దీన్ని నా చిన్ననాటి ముచ్చటగానే చదవండి. కంప్యూటర్ ముందు కూర్చోవడం మొదలుపెట్టి అప్పటికి మూడు నెలలే అయింది మరి. ఇప్పటివాళ్ళు నడుస్తూ నడుస్తూ ఫోన్‌లో పేజీలు రాసేస్తారు. నాకప్పుడు ఒక్క 'క్ష' దొరకాలంటే పావుగంట పట్టేది. బడికి పోయింది మూడో తరగతి దాకా. మిగతా చదువంతా గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో, మామిడికాయల కింద పరిచే పాత పేపర్ల మీద సాగింది. (ప్రతి వార్తా సగం చిరిగి ఉండేది. మిగతా సగం నేనే కల్పించుకునేవాణ్ణి. అందుకే నాకు అన్ని విషయాల మీదా గట్టి అభిప్రాయాలున్నాయి.) ఆ మార్కెట్లోనే ముప్పై ఏళ్ళు హమాలీగా పెట్టెలు మోశాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణం ముందు గదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టి, పోచంపల్లి నేతవాళ్ళింటి ఆడపడుచు ఒకామె నెట్ కేఫ్ నడిపేది. అందరికీ ఆమె నెట్ అక్క. ఊళ్ళు, వీధులు, బజార్ల గురించి అందరూ కలిసి రాసే ఒక తెలుగు సైటును నాకు చూపించింది ఆమే. "కాకా, మార్కెట్ ముచ్చట్లన్ని గిండ్ల రాయరాదు? ఒకలు రాసింది ఇంకొకలు దిద్దుతరు," అంది. మొదటి సగం విన్నాను, రెండో సగం వినలేదు. సీతాఫలం అని పేరు పెట్టుకుని, ఒంటివేలితో పది రోజులు కొట్టి, మార్కెట్ మీద ఒక పేజీ నిలబెట్టాను. అందులో నాకు ప్రాణమైన వాక్యం ఒకటుంది: 'హమాలీ పెట్టెను ఎడమ భుజం మీదే మోస్తాడు, జనాన్ని తప్పించుకోవడానికి కుడి చేయి ఖాళీగా ఉండాలి.' ఏ పుస్తకంలోనూ లేదది. నాతోపాటు పోకూడదనే రాశాను.

మర్నాడు చూస్తే ఆ వాక్యం లేదు! దాని జాగాలో 'ఆధారం లేదు' అని ఉంది. మళ్ళీ రాశాను. మళ్ళీ పోయింది. నా 'కిరాయి' అద్దె అయింది, నా 'దవాఖాన' ఆసుపత్రి అయింది. (ఇప్పుడు ఒప్పుకుంటున్నాను: నేను అడుగున పడేసిన వేలంపాట సంగతిని ఆ కనపడని మనిషి పైకి తెచ్చాడు; దాని పక్కన ఖాళీ కనిపిస్తే నేను కమీషన్ ఏజెంట్ల సంగతి నింపాను; అతను దానికి శీర్షిక పెట్టాడు. ఒక్క మాట అనుకోకుండా, పేజీని చూసే ఎవరి పని వాళ్ళు తెలుసుకుని, ఇద్దరం దాన్ని మూడింతలు చేశాం. కానీ అప్పుడు నాకు కనిపించింది దొంగతనం ఒక్కటే.) దొంగను పట్టుకోమని సైటు పెద్దలకు ఫిర్యాదు రాశాను. జవాబు వచ్చింది: 'సీతాఫలం గారూ, మార్పుల జాబితా చూశాం. రాసిందీ మీరే, తీసిందీ మీరే. మీతో మీరు గొడవపడటం ఆపకపోతే మీ ఖాతా నిలిపేస్తాం.'

నా ఒళ్ళు మండిపోయింది. నెట్ అక్క ఆ జవాబు చదివి నా మొహం చూసింది. "కాకా, పోయేటప్పుడు లాగౌట్ కొడుతున్నవా?"

"అంటే ఏంది?"

"అయిపాయె! ఇల్లు తెరిచిపెట్టి పోతున్నవన్నట్టు. నీ తర్వాత గా సిస్టంల ఎల్బీనగర్ సారు కూసుంటడు."

గుంటూరు నుంచి వచ్చి, ఎల్బీనగర్‌లో ఉంటూ, ఇక్కడ కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పే మనిషి. బంద్‌లకు క్లాసులు ఆగిపోవడంతో మధ్యాహ్నాలు కేఫ్‌కు వస్తున్నాడట. మర్నాడు కాపు కాశాను. సగం దించిన షట్టర్ కింద నుంచి వంగి లోపలికొచ్చి, దర్జాగా నా పేజీ ముందు కూర్చున్నాడు.

"నా పేజీల నీకేం పని సార్?"

"మీ పేజీ ఏంటండీ? కూర్చోగానే తెరిచే ఉంటుంది. పైన సీతాఫలం అని ఉంటే ఈ కేఫ్ పేరనుకున్నాను."

"కేఫుకు సీతాఫలం అని పెడ్తరా ఎవరన్న?"

"కంప్యూటర్లకే పండ్ల పేర్లు పెడుతున్నారు కదండీ!"

"నవ్వులాటనా? ఇన్నేండ్ల సంది మా మాట తీసేసుడే కదా మీ పని!"

బయట రోడ్డు మీద నినాదాలు వినిపిస్తున్నాయి. ఆయన మొహం పాలిపోయింది, కానీ లేవలేదు. "నేను తీసింది మీ మాటని కాదండీ. ఆధారం లేని వాక్యాన్ని."

"ఆధారమా? ముప్పై ఏండ్లు మోసిన! ఇగో ఆధారం!" కుడి చేతి వేలు ఆయన ముక్కు ముందు ఆడిస్తూ, రెండో చేత్తో నా భుజం మీద ఠప్పున కొట్టాను.

"కొట్టుకునుడుంటే బయట కొట్టుకోండ్రి," అంది నెట్ అక్క. "మానిటర్ పగిలితే ఇద్దరితోని కొనిపిస్త."

సారు సంచిలోంచి నోటుపుస్తకం తీశాడు. "చెప్పండి, రాసుకుంటాను. మా సెంటర్ వాళ్ళు వేసే పత్రికలో వస్తే అదే ఆధారమవుతుంది."

"నా నోటితోని చెప్తే చెల్లది, నీ కాగితంల పడితే చెల్లుతదా?"

"రూలు అదేనండీ. నాకూ నచ్చలేదు."

తిడుతూనే గంటసేపు చెప్పాను. ఆయన తల ఊపుతూనే రాసుకున్నాడు. తన పేరుతో వేరే ఖాతా తెరిచాడు, నా 'కిరాయి'ని నాకు తిరిగిచ్చాడు. నెల తిరిగేసరికి పత్రిక వచ్చింది, సారు నా వాక్యాన్ని పేజీలో తిరిగి పెట్టాడు, దాని పక్కన ఆ పత్రికను ఆధారంగా చూపే అంకె పడింది. ఇక దాన్ని కదిపే మొనగాడు లేడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి చదివాను. 'హమాలీ పెట్టెను కుడి భుజం మీదే మోస్తాడు, ఎడమ చేయి...'

"సార్! ఎడమ భుజం!"

"ఆ రోజు మీరు కొట్టి చూపించింది కుడిదండీ. ఇదిగో, నా పుస్తకంలో ఉంది."

దిద్దాను. పది నిమిషాల్లో ఎక్కడి నుంచో ఎవరో మహానుభావుడు మళ్ళీ కుడి చేశాడు: 'ఆధారంలో కుడి అనే ఉంది.' ఆ ఆధారం నేనే నాయనా అని రాశాను. 'అచ్చయినది చూపండి' అన్నాడు. సవరణ వేయిద్దామంటే, సారు వాళ్ళ పత్రిక ఆ ఒక్క సంచికతోనే ఆగిపోయింది.

తెలంగాణ వచ్చింది. మార్కెట్ బాటసింగారం తరలిపోయింది. ఆ వాక్యం మాత్రం కుడి భుజం మీదే ఉంది. అది చూసినప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మంటలోనే ఆ యాభై దాటిన మనిషి కనిపిస్తాడు. ముప్పై ఏళ్ళలో ఒక్క పెట్టె కూడా ఎత్తని భుజాన్ని అంత గట్టిగా కొట్టుకుని సాక్ష్యం చెబుతూ, ఎంత ధీమాగా నిలబడ్డాడో, పిచ్చి మారాజు!