సాగిన టేపు

ఎత్తు రోడ్డు సగంలో బస్సు మొరాయించింది. డ్రైవరు దానిమీద నీళ్ళు చల్లాడు, తిట్లూ చల్లాడు, రెంటికీ కదల్లేదు. జనం దిగి నడక మొదలుపెట్టారు. ఆ నడకలోనే మొన్ననే ఈ ఊరికి బదిలీ అయి తిరిగొచ్చిన క్లినిక్కు నర్సుకు పదేళ్ళ తర్వాత దర్జీ అన్నయ్య కనబడ్డాడు. ఆమె సొంత అన్నకు చిన్ననాటి స్నేహితుడు. ఆమె మొదటి యూనిఫాం కుట్టింది ఆయనే. అరవై నాలుగేళ్ళు వచ్చినా మెడలో అదే పాత గుడ్డ టేపు.

రెండు వందల గజాల్లో ఆయన మూడుసార్లు ఆగాడు. ఆగిన ప్రతిసారీ ఏదో ఒక దుకాణం పరదా పట్టుకుని కుట్టు పరీక్షించాడు.

"ఊళ్ళో పరదాలన్నిటికీ నువ్వే ఇన్‌స్పెక్టరువా అన్నయ్యా? ఆయాసమొస్తోందని చెప్పొచ్చుగా!"

"ఆయాసమా, నాకా? ఈ కుట్టు చూడు, కోతి కుట్టినట్టుంది."

"దాహం ఎక్కువగా ఉంటోందా? రాత్రిళ్ళు మాటిమాటికీ లేస్తున్నావా?"

"మీ వదినతో మాట్లాడొచ్చావా ఏంటి?"

నర్సు ఆయన్ని ఒక అరుగు మీద కూర్చోబెట్టింది. "వయసు పైబడే కొద్దీ ఒంటికి చక్కెరమీద పట్టు తప్పుతుంది అన్నయ్యా. సన్నగా ఉన్నవాళ్ళకీ తప్పొచ్చు. అది రక్తనాళాల్ని కొరుక్కుంటూ గుండెదాకా పోతుంది. ఒక్కసారి పరీక్ష చేయించుకో, నామాట విను."

"నడుము చూసుకోమని మీ డాక్టర్లేగా అంటారు? ఇదిగో చూడు." టేపు నడుముకు చుట్టాడు. "ముప్పై అయిదు! పెళ్ళినాడూ ఇంతే."

నర్సు తన సంచిలోంచి క్లినిక్కు టేపు తీసి కొలిచింది. ముప్పై ఏడు.

"నీ టేపుకి కళ్ళు సరిగ్గా లేవు" అంటూ ఆయన రెండు టేపులనూ అరుగుమీద పక్కపక్కన పరిచి, మొదళ్ళు కలిపి, వేలితో నిమిరాడు. తనదే పొడుగు. ఎంతో కాదు, తన ముప్పై అయిదు దగ్గర ఆమె టేపులో ముప్పై ఏడు.

మనిషి గోడ గడియారాన్ని అనుమానిస్తాడు, కూరలమ్మే తక్కెడను అనుమానిస్తాడు, భార్య జ్ఞాపకశక్తినైతే రోజుకు రెండు పూటలా అనుమానిస్తాడు. మెడలో వేసుకు తిరిగేదాన్ని మాత్రం ఎన్నడూ అనుమానించడు. మనిషిని కొలిచిందీ ఆ టేపుతోనే, గుడ్డ కత్తిరించిందీ దానితోనే. అందుకే ముప్పై ఏళ్ళలో ఒక్క పంట్లామూ బిగుతు కాలేదు, వదులూ కాలేదు. దాని గుట్టూ బయటపడలేదు.

"నాతోపాటే సాగిందన్నమాట దొంగమొహంది!" అని పెద్దగా నవ్వాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. "మా పెద్దన్నకి షుగరుతో చూపు పోయింది చెల్లెమ్మా. సూదిలో దారం ఎక్కించలేకపోతే నేనిక దేనికి పనికొస్తాను? తెలీకపోతేనే నయమనుకున్నా."

"తెలీకే కదా ఆయనకి పోయింది! ముందే తెలిస్తే కాపాడుకునేవాళ్ళం."

ఆయన టేపు మళ్ళీ మెడలో వేసుకుని లేచాడు. ఎత్తు ఎక్కాక దారి రెండుగా చీలింది. కుడివైపు ఆయన దుకాణం, ఎడమవైపు క్లినిక్కు.

"పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా?"

"ఎక్కడా? షాపుకెళ్ళి తిందామని డబ్బా తెచ్చుకున్నా."

"పరగడుపున్నే ఉన్నావన్నమాట! ఇవాళే చేయించుకోవచ్చు. ముందు కిటికీ దగ్గర పేరు రాయించాలి, తర్వాత..." అంటూ ఆమె చెప్పులో దూరిన రాయి తీయడానికి వంగింది.

తలెత్తేసరికి ఆయన పక్కన లేడు. డబ్బా ఊపుకుంటూ, వస్తానని ఒక్క మాటైనా అనకుండా, ఎడమ దారిన పోతున్నాడు.