వేలి వెంట రాని పేజీ

ఇట్లా దగ్గరగా వచ్చి కూర్చోండి, చెబుతాను. తాండూరులో మా పైగదిలో ఒక అమ్మాయి అద్దెకుండేది. నెమ్మదించిన వెబ్‌సైట్లను బాగుచేయడం ఆమె పని. తెర మీద వేలు పెట్టి పైకి జరిపి, పేజీ కదిలేదాకా గొణుగుతూ లెక్కపెట్టేది. ఒకటి, రెండు, మూడు... ఆమె కళ్ళ కింద ఎప్పుడూ నలుపే.

ఒకరోజు దోమ అనే ఊరి నుంచి మా తమ్ముడు వచ్చాడు. మార్కెట్లో కందులు అమ్మాలంటే ఫోన్‌లో తన ఊరి పేరు నొక్కి రోజు బుక్ చేసుకోవాలట. ఊళ్ళ జాబితా కదలడమే లేదు. ఆ సాయంత్రంతో గడువు అయిపోతుంది.

"ఫోన్ సచ్చిందక్కా," అన్నాడు.

అమ్మాయి ఫోన్ అందుకుని వేలు జరిపింది. తొమ్మిది దాకా లెక్కపెట్టాక గానీ పేజీ కదల్లేదు.

"ఫోన్ మంచిగనే ఉంది కాకా. ఈ పేజీని పోయిన నెల నేనే బాగుచేసిన. నా కంప్యూటర్ల మస్తు ఉరికింది, గందుకే గిసొంటి పాత ఫోన్ల సూడలె. కనబడే పది ఊర్లు తెస్తె సాలు, అన్ని ఊర్లు ఒక్కసారే తెస్తున్నది."

"నీ కంప్యూటర్ల వీనిది నొక్కెయ్ బిడ్డా," అన్నాను. నొక్కింది. తమ్ముడు కదల్లేదు.

"నాదైతె అయింది. మా ఊర్లె అందరియి గిసొంటి ఫోన్లే గద," అన్నాడు.

ఆమె అతని ఫోన్ తీసుకుని పైకి పోయింది. అన్నం పంపితే తినలేదు. గడువుకు గంట ముందు దిగివచ్చి ఫోన్ అతని చేతిలో పెట్టింది. వేలితో పాటే ఊళ్ళన్నీ కదిలాయి. తమ్ముడు ఊరికి ఫోన్ చేసి, "ఇప్పుడు సూడుండ్రి," అని చెబుతుంటే, ఆమె గోడకు ఆనుకుని కూర్చున్నచోటే నిద్రపోయింది.

మీ ఇంట్లో కష్టపడేవాళ్ళకు కంటినిండా నిద్ర పట్టాలి, మీ ఇల్లు చల్లగా ఉండాలి.