తోడికోడలి కేబుల్

ఆ ఆదివారం జలుబుతో నా గొంతు పోయింది. ముందే ఫోనులో పాడి ఉంచుకున్న కీర్తనను చర్చి కంప్యూటర్లో వినిపిద్దామంటే, నా కేబుల్ పెడితే ఫోనుకు చార్జింగ్ ఎక్కుతోంది గానీ కంప్యూటర్ దాన్ని గుర్తించడం లేదు.

"అక్కా, నీ తీగ సార్జింగుకే పనికొస్తాది. నాది పెట్టి సూడు," అంటూ నా తోడికోడలు సంచిలోంచి తన కేబుల్ తీసింది.

పెట్టగానే పాట తెరమీదికొచ్చింది.

"దీని సంచిలో లేనిదేటుంటాదే!" అని వెనక ఎవరో మురిసిపోయారు. పొరుగువారిది ఏదీ ఆశించకూడదన్న ఆజ్ఞను సండేస్కూల్లో నేర్పేదాన్ని నేనే. అయినా ఆ కేబుల్ నాదైతే బాగుండుననిపించింది.

పాట అయ్యాక పాస్టరుగారు, సమయానికి కేబుల్ అందించిన సహోదరి కోసం దేవునికి స్తోత్రం చెల్లించారు. పాడిన సహోదరి గురించీ ఓ మాట వస్తుందని కళ్లు మూసుకుని ఎదురుచూశాను. సంఘమంతా ఆమెన్ అంది. నేనూ అన్నాను, అందరికంటే ఆలస్యంగా.